ఇల్లుబండి బేడెం

మొన్న నల్గొండ బస్టాండు ఎదుట ఒక టూరిస్టు వ్యాను ఆగింది. డ్రైవరు పక్క తలుపును బర్రున జరపగానే లోపలి వాసనంతా రోడ్డు మీదికి వచ్చింది. ఎండకు కాగిన రెగ్జిన్ సీట్లు, ఎవరో వెలిగించి మరిచిపోయిన కర్పూరం, మూత సరిగా పడని డబ్బాలోని పులిహోర, చంటిపిల్లల పాలసీసా, వీటన్నిటి అడుగున పలచగా డీజిలు. కాలేజీకి వేళ మించిపోతున్నా నేను అక్కడే నిలబడి, అచ్చం మా ఇల్లుబండిదే అనిపించే ఆ వాసన పీలుస్తూ ఉండిపోయాను. డ్రైవరు నన్ను అనుమానంగా చూశాడు. నేనూ అతన్ని అనుమానంగానే చూశాను, ఎందుకంటే నేను మా అవ్వ దగ్గర పెరిగిన పిల్లను.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను ఇంకా ఊరి బడిలో చదువుతున్న రోజుల్లో, మా బాపు గొర్ల మందలో సగం అమ్మి ఒక పాత స్కూలు మినీబస్సు కొన్నాడు. దేవరకొండ దారిలో మా ఊరు. అక్కడి నుంచి గుట్ట మీది గుడికి, నందికొండ డ్యాముకు, శ్రీశైలానికి కుటుంబాలతో పోయేవాళ్ళు చాలామంది. వండుకోవడానికి, పడుకోవడానికి వీలుండే బండి ఉంటే కిరాయికి తీసుకోకుండా ఎవరుంటారని బాపు ఆలోచన. బండిని ఇల్లుగా మార్చే పని మా మేనమామ కుర్మయ్యది. మామది పాలమూరు వైపు, కల్వకుర్తి. అక్కడ ఆయనకు వెల్డింగు దుకాణం ఉండేది, కర్ర పని కూడా వచ్చు. ఆ ఎండాకాలమంతా మామ మా ఇంట్లోనే ఉండి, వేపచెట్టు నీడలో బస్సును నిలబెట్టి, సీట్లు పీకి, రెండు మంచాలు, గ్యాసు పొయ్యికి ఒక గట్టు, సామాన్లకు గూళ్ళు చేశాడు. చిత్రిక పట్టినప్పుడు రాలే కర్ర పొట్టును మేం గాజుల్లా చేతులకు తొడుక్కునేవాళ్ళం. వెల్డింగు మెరుపులు చూడొద్దని అమ్మ తిడుతున్నా వేళ్ళ సందుల్లోంచి చూసి, రాత్రి కళ్ళు మండుతుంటే ఎవరికీ చెప్పకుండా పడుకునేవాళ్ళం. ఊళ్ళో అందరూ దాన్ని ఇల్లుబండి అన్నారు.

బాపు తల్లి, మా అవ్వ మాత్రం దాన్ని ఇల్లని ఒప్పుకోలేదు. అవ్వ బతుకంతా జీవాల వెంట, గొర్లు మేకల వెంట గడిచింది. సాయంత్రం మందను దొడ్డిలోకి తోలాక తడక మూసి, తాడు బిగించి, చివరికి తుంటితో ఒక్కసారి గట్టిగా నెట్టి చూసేది. అలా నెట్టి చూడకపోతే ఆ రోజు పని అయినట్టు కాదు. తోడేలు సంగతి అటుంచితే అవ్వ అనుమానించనిది లేదు. పాలు కొనేవాడి గిన్నెను, కండక్టరు ఇచ్చే టికెట్టును, మబ్బు పట్టి కురవని ఆకాశాన్ని, కొత్తగా వచ్చిన కోడలిని, ఆ కోడలి పుట్టింటిని, అన్నిటినీ ఒకే చూపుతో చూసేది. ఇల్లుబండికి బయటి తాళం ఒక్కటే ఉందని తెలియగానే మొదలుపెట్టింది.

"లోపల బేడెం లేంది తలుపెట్లైతది? గది ఒట్టి రేకు."

"పెడ్త అత్తా, నువ్వు ఫికర్ చెయ్యకు," అని మామ నవ్వి, చౌకట్టుకు లోపలివైపు బేడెంగా ఒక బరువైన ఇనుప పట్టీ బిగించాడు. పైకి లేపితే గోడకు ఆని నిలబడేది, కిందికి దించితే తలుపుకున్న కొండిలో పడేది. ఊళ్ళో మా ఇంటి తలుపుకున్న బేడెం కూడా అచ్చం అలాంటిదే. ఆ తర్వాత అవ్వ కిటికీలకు కడ్డీలు పెట్టించింది. ఆడవాళ్ళు పడుకునే చోటికి డ్రైవరు చూపు పడకూడదని ముందు భాగానికి, వెనక భాగానికి మధ్య చెక్కతో గోడ కూడా కట్టించింది. దొంగ అనేవాడు లోపలికి రాకుండా ఏమేం చేయాలో అన్నీ చేయించింది.

సరిగ్గా అప్పుడే తాత వాడిన ఇత్తడి చెంబు కనిపించకుండా పోయింది. అవ్వ ఇల్లంతా వెతికింది. ఎవరి పేరూ ఎత్తలేదు గానీ, మామ తన ఊరికి పోయి వద్దామని సంచి సర్దుకున్న రోజు ఏదో పని ఉన్నట్టు అక్కడే తచ్చాడి, సంచి ఎంత లావుగా ఉందో చూసింది. అమ్మ అది గమనించి లోపలికి వెళ్ళిపోయింది.

వానాకాలంలో మా తమ్ముడు నర్సింహకు గుట్ట మీద పుట్టెంటికలు తీయాలన్న మొక్కు తీర్చే రోజు వచ్చింది. మేనమామ ఒళ్ళో పిల్లవాడిని కూర్చోబెట్టి, మామ చేతితో మొదటి జుట్టు కత్తిరించాకే మంగలి కత్తి పట్టాలి. అందుకోసం మామ కొత్త బట్టలు, వెండి మొలతాడు తెచ్చి, మమ్మల్నందరినీ ఇల్లుబండిలో ఎక్కించుకుని తానే నడిపాడు. అమ్మ అంత సంతోషంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు కాల్చింది, పులిహోర కలిపింది, మా అన్న చేసిన గూళ్ళలో, మా అన్న చేసిన మంచం కింద అంటూ ప్రతి గిన్నెకూ ఒక జాగా చూపించి మురిసిపోయింది. గేట్లు ఎత్తారని తెలిసి, ముందు నందికొండ చూసుకుని అక్కడి నుంచి గుట్టకు పోదామని బాపు అన్నాడు.

డ్యాం గేట్లలోంచి నీళ్ళు దూకుతుంటే రోడ్డు మీద నిలబడ్డవాళ్ళ ముఖాలకు తుంపర్లు కొట్టేవి. బట్టలు తడిసేవి, మాటలు వినపడేవి కావు. దారి పొడుగునా బొగ్గుల మీద మక్కకంకులు కాలుతున్నాయి, పెద్ద పెనాల మీద చేపలు వేగుతున్నాయి. గుట్టకు పోయేదాకా నీసు ముట్టవద్దని అవ్వ ఆన పెట్టడంతో నేను ముక్కు మూసుకుని చేపల దుకాణాలు దాటాను. నిజానికి మూసుకున్నట్టు నటించాను.

తిరిగి వచ్చేసరికి బండి తలుపు తెరుచుకోలేదు. మామ దగ్గర తాళంచెవి ఉంది, తాళం తిరిగింది, కానీ తలుపు కదల్లేదు. బాపు భుజంతో నెట్టాడు, కాలు ఆనించి లాగాడు. బయటి తాళం తీసి ఉందంటే లోపల బేడెం పడి ఉండాలి. మేమందరం బయటే ఉన్నాం. మరి బేడెం ఎవరు పెట్టారు? పక్కనున్న చేపల దుకాణం ఆమె అనుమానంలో మా అవ్వకు తోబుట్టువు లాంటిది, ఆమెకు జవాబు సిద్ధంగా ఉంది.

"లోపల ఎవడో జొచ్చిండు. లేకుంటే బేడెం ఎట్ల పడ్తది?"

ఆ మాటతో జనం పోగయ్యారు. బాపు రేకు మీద దబదబ గుద్ది, "ఎవడ్రా లోపల? మర్యాదగ బయటికి రా!" అన్నాడు. జవాబు లేదు. జవాబు లేకపోవడంతో లోపల ఉన్నవాడు మామూలు దొంగ కాదని తేలిపోయింది. ఒకాయన రేకుకు చెవి ఆనించి దగ్గు వినిపించిందన్నాడు. ఇంకొకాయన తాను పరదా కదలడం చూశానన్నాడు. కిటికీలోంచి చేయి పెడదామంటే అవ్వ పెట్టించిన కడ్డీలు, ముందు నుంచి పోదామంటే అవ్వ కట్టించిన గోడ. తమ్ముడు పాలకోసం ఏడుస్తున్నాడు, పాలసీసా లోపల ఉంది, పైన వాన మొదలయ్యేలా ఉంది. అద్దం పగులగొట్టి కడ్డీలు వంచుదామని బాపు రాయి తీసుకున్నాడు.

"అద్దం పగులగొట్టుడు ఎందుకు బావా? డిక్కీల నుంచి దారి ఉన్నది," అన్నాడు మామ.

మంచం కింద గ్యాసు పైపు పోయే చోట చెక్క పలక ఒకటి ఉందట. ఎప్పుడైనా పైపు బాగుచేయాల్సి వస్తే తీయడానికని మామ దానికి రెండే రెండు కర్ర చిడతలు, తిప్పుడు గడియల్లాంటివి, పెట్టాడు. వెనక డిక్కీ తెరిచి, చిడతలు తిప్పితే పలక ఊడి వస్తుంది. పెద్దవాళ్ళు పట్టరు, నేను పడతాను. మామ ఇదంతా ఉత్సాహంగా, తన పనితనం చెప్పుకునే మనిషిలా చెప్పాడు. అందరి ముఖాలూ తేలికపడ్డాయి, అవ్వ ముఖం తప్ప.

"గా దారి నీకు ముందుగాల్నే ఎర్కనా?"

"నేనే గద అత్తా చేసింది."

"అంటే మేం తాళమేసుకున్నా నువ్వు ఎప్పుడంటే అప్పుడు లోపలికి పోవచ్చన్నట్టు. మరి గా చెంబు గట్లనే పోయిందేమో!"

నీళ్ళ హోరులో కూడా ఆ మాట అందరికీ వినిపించింది. మామ డిక్కీ తెరిచాడు, పలక తీశాడు, నా తల మీద చేయి పెట్టి, "భయపడకు బిడ్డా, ఎవ్వరు లేరు," అన్నాడు. అమ్మ అవ్వ వైపు తిరిగి, "అత్తా, గా మాట అనకుంటే మంచిగుండు," అని తమ్ముణ్ణి గుండెకు అదుముకుంది.

నేను గ్యాసు సిలిండరు పక్క నుంచి పాక్కుంటూ మంచం కిందికి చేరాను. అక్కడ చీకటి, దుమ్ము, నిన్నటి ఉల్లిగడ్డ పొట్టు. మామ ఎవరూ లేరన్నాడు, చేపలామె ఉన్నాడంది. అంత ఇరుకులో నాకు చేపలామె మాట మీదే నమ్మకం కుదిరింది. మంచం కింద నుంచి ఎవరి కాళ్ళయినా కనిపిస్తాయేమోనని చాలాసేపు చూసి, పరదా వెనక చూసి, పొయ్యి గట్టు కింద చూసి, చివరికి తలుపు దగ్గరికి వెళ్ళాను. బేడెం కొండిలో బుద్ధిగా పడి ఉంది. లేపాను. తలుపు తెరవగానే బయట ఉన్నవాళ్ళంతా నన్ను కాదు, నా వెనక ఎవరైనా ఉన్నారా అని చూశారు. ఎవరూ లేకపోవడం చాలామందికి నచ్చలేదు.

బేడెం ఎలా పడిందో ఆ వెంటనే తెలిసింది. నన్ను లోపలే ఉండమని, దిగేటప్పుడు ఎవరెవరు ఏం చేశారో అదే చేసి చూద్దామన్నాడు బాపు. చివరగా దిగింది అవ్వ. అవ్వ తలుపు వేసి, తన అలవాటు ప్రకారం తుంటితో ఒక్కటి గట్టిగా నెట్టింది. ఆ దెబ్బకు నా కళ్ళ ముందే ఇనుప పట్టీ గోడ నుంచి జారి టక్కున కొండిలో పడింది.

"అవ్వా, నువ్వు నెట్టంగనే పడ్డది!" అని అరిచాను. చేపలామె పకపకా నవ్వింది. బాపు నవ్వాడు. అమ్మ కూడా ఇక అయిపోయిందనుకుని ఊపిరి పీల్చుకుంది. అవ్వ కొంగు సర్దుకుని మామ వైపు చూసింది.

"బేడెం సంగతి సరే. మరి గా దారి సంగతి?"

అప్పుడు నాకు అవ్వ మీద వచ్చిన కోపం ఇంకా పోలేదు. అవ్వంటే ఉన్న ప్రేమా పోలేదు, అదే కష్టం. మామ సుత్తి, మేకులు తీసి, డిక్కీలోకి వంగి, ఆ పలకను చుట్టూ మేకులతో బిగించేశాడు. లేచి చేతులు దులుపుకుని, "ఇగ దారి లేదు అత్తా," అన్నాడు. నల్గొండలో చాయ్‌కి ఆగినప్పుడు, భువనగిరిలో పూలకు ఆగినప్పుడు, మామ అందరి తర్వాత దిగి తలుపుకు తాళం వేసి, తాళంచెవి తెచ్చి అవ్వ అరచేతిలో పెట్టేవాడు. అవ్వ వద్దనకుండా తీసుకుని రొండిన దోపుకునేది.

గుట్ట మీద తమ్ముడు మామ ఒళ్ళో కూర్చుని ఒక్క చుక్క కన్నీరు కార్చకుండా గుండు చేయించుకున్నాడు. మామ వాడికి బట్టలు తొడిగి మొలతాడు కట్టాడు. అది వెండేనా అని అవ్వ గోటితో గీకి చూసింది. భోజనాలయ్యాక మామ గుట్ట కిందనే కల్వకుర్తి వైపు పోయే బస్సెక్కాడు. అమ్మ బస్సు కిటికీ దాకా వెళ్ళి ఏదో చెప్పబోయింది, కానీ బస్సు కదిలింది. మేం బాపు నడుపుతుంటే ఇల్లుబండిలో వచ్చాం.

బతుకమ్మ పండుగ ముందు పొలం దగ్గర మోటారు గది శుభ్రం చేస్తుంటే బస్తాల వెనక ఇత్తడి చెంబు దొరికింది. తాత సంవత్సరీకం నాడు అవ్వే పొలంలో నైవేద్యం పెట్టడానికి పట్టుకుపోయి మరిచిపోయింది. చింతపండుతో తళతళలాడేలా తోమి గూట్లో పెట్టింది. కల్వకుర్తికి కబురు చేద్దామని అమ్మ రెండు మూడుసార్లు అంది. దొరికింది కదా, ఇంక కబురెందుకంది అవ్వ.

ఇప్పుడు అవ్వ లేదు. గొర్లు లేవు, దొడ్డి ఉన్న చోట ట్రాక్టరు నిలబెడుతున్నాం. ఇల్లుబండికి కిరాయిలు తగ్గి, ఇంజను పాడై, చివరికి ముక్కలుగా తుక్కు దుకాణానికి పోయింది. మంచాలు, గూళ్ళు బాపు ఎవరికో ఇచ్చేశాడు. నందికొండకు పోయేవాళ్ళు ఇప్పుడు కార్లలో పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేస్తున్నారు, దారిలో చెట్టు కింద ఆగి వండుకునేవాళ్ళు కనిపించడం లేదు. మామ మాత్రం ఏడాదికోసారైనా వస్తాడు. తమ్ముడికి ఏదో ఒకటి తెస్తాడు. ఆ రోజు సంగతి ఎత్తడు, మేమూ ఎత్తం.

పోయిన నెల నేనూ అమ్మా పత్తి చేను నుంచి తిరిగి వచ్చేసరికి జోరుగా వాన పడుతోంది. బాపు ఊళ్ళో లేడు, తమ్ముడు తలుపులు బార్లా తీసిపెట్టి ఆడుకోవడానికి పోయాడు. మామ వాకిట్లో గోడకు ఆనుకుని, సంచి కడుపుకు పట్టుకుని, నిండా తడిసి నిలబడి ఉన్నాడు.

"తలుపు తీసే ఉండె గద అన్నా, లోపల కూసోకపోయినవా?" అంది అమ్మ.

"మీరు లేరు గద చెల్లె," అన్నాడు మామ.