బల్లగుడ్డ మీద మచ్చ

ఇస్త్రీ పిన్ని పెట్టిన మడత మీద కూరగాయలు తరగవచ్చని మా వీధిలో ఒక మాట ఉండేది. పాస్టరుగారి కాలరు ఆయన ప్రసంగం కన్నా నిటారుగా నిలబడుతుందని కూడా అనేవారు. ఆ మాట పుట్టించింది నేనేనని ఆయనకు ఇప్పటికీ తెలియదు.

పిన్ని ఊరికే చేసే పని ఒక్కటే, చర్చిలో రొట్టె పంచే ప్రభురాత్రి భోజనపు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఇస్త్రీ. శనివారం సాయంత్రం మిగతా బట్టలన్నీ పక్కకు నెట్టి, పెట్టెలో కొత్త బొగ్గులు వేసి, ఆ గుడ్డ పరిచేది. అప్పుడు పలకరిస్తే పలికేది కాదు.

కారణం అందరికీ తెలుసు. ఒకప్పుడు కూతురు జ్వరంతో ఇంట్లో పడి ఉంటే, పెళ్ళివారి మూట ముగించి వెళదామని ఆమె కొట్లోనే ఉండిపోయింది. వెళ్ళేసరికి పిల్ల లేదు. ఆ గుడ్డ పని అప్పట్నుంచే పట్టుకుంది.

"దేవుడు క్షమించేశాడు పిన్నీ. కృప అంటే ఊరకనే ఇచ్చేది" అనేవారు పాస్టరుగారు.

"ఊరకనే వచ్చేవి జలుబూ చుట్టాలూ అయ్యగారూ. నా పని నన్ను చేసుకోనివ్వండి."

నిరుడు వానల్లో ఆమె కుడిచెయ్యి పడిపోయింది. మూతి కాస్త పక్కకు లాగేసింది. కొట్టు మూతబడితే ఏడవలేదు గాని, ఆదివారం పాస్టరమ్మగారు ఇస్త్రీ చేసిన గుడ్డ చూసి ఏడ్చింది. అమ్మగారి ఇస్త్రీ, పాపం, గుడ్డను బెదిరించి వదిలేసినట్టుంటుంది. రొట్టె పళ్ళెం తన వరుసలోకి వస్తే పిన్ని తల అడ్డంగా ఊపింది. ఆ తరవాతి ఆదివారమూ అంతే.

టీ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. "ఏం పిన్నీ, దేవుడితో మాటల్లేవా?"

నవ్వలేదు. "ఏ మొహం పెట్టుకుని తీసుకోను అమ్మాయ్? ఇన్నాళ్ళూ ఆ గుడ్డ చేతిలో పెట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. ఇప్పుడేముంది? నా బిడ్డ అక్కడుంది. వట్టి చేతుల్తో పోతే నా వంక చూస్తుందా?"

టీ చల్లారిపోయింది.

"ఆ గుడ్డ ఒక్కసారి తెచ్చిపెట్టు. ఎడంచెయ్యి ఉందిగా."

తెచ్చాను. పెట్టె నేను పట్టుకుంటానంటే ఉరిమి చూసింది. అంచులు బాగానే వచ్చాయి. నడిమికి వచ్చేసరికి చేతిలో సత్తువ పోయి, పెట్టె ఎత్తలేకపోయింది. నేను లాగేలోపు కమురు వాసన. గుడ్డ మధ్యలో ఇస్త్రీపెట్టె ఆకారం గోధుమరంగులో అచ్చు పడింది.

"చూశావా, నువ్వు నాకొద్దని దేవుడే చెప్పేశాడు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

గుడ్డను దొంగసొత్తులా పమిట చాటున పాస్టరుగారింటికి మోశాను. "ఇంకోటి పరుద్దాం" అన్నారు అమ్మగారు.

"పిన్ని చేసింది ఇదేగా. దీన్నే పరుద్దాం. మచ్చ మీద పళ్ళెం పెడదాం" అన్నారాయన.

ఆదివారం పిన్నిని దాదాపు ఈడ్చుకెళ్ళాను. చివరి బెంచీలో కూర్చుని బల్ల వంక చూసింది.

"కొత్తది కొన్నారా?"

"అదే. మచ్చ పళ్ళెం కింద ఉంది."

ఎప్పుడూ ముందు వరుసకు అందించే పళ్ళెం ఆ వేళ పాస్టరుగారు స్వయంగా ఎత్తుకుని తిన్నగా చివరి బెంచీకి నడిచొచ్చారు. వెనక బల్ల మీద మచ్చ అందరి ఎదుటా బయటపడింది. ముందు బెంచీలో గుసగుస.

"అది కనబడుతోంది అయ్యగారూ. పళ్ళెం అక్కడే పెట్టెయ్యండి" అంది పిన్ని, తల దించుకుని.

"అక్కడే పెడితే నీ దగ్గరకు ఎలా తేను పిన్నీ?"

ఆమె ఎడంచెయ్యి లేచింది, ఆగింది, వెనక్కి పోయింది. "గుడ్డ కాల్చింది ఈ చెయ్యే. ఆనాడు బిడ్డను వదిలి కొట్లో ఇస్త్రీ చేస్తూ ఉండిపోయింది ఆ పడిపోయిన చెయ్యి. దేంతో పట్టుకోమంటారు?"

పాస్టరుగారు ఆమె ముందుకు వంగారు. రొట్టె ముక్క విరిచి, జ్వరం పిల్లకు పెట్టినట్టు ఆమె నోటికి అందించారు. పిన్ని చాలాసేపు పెదవులు బిగించే ఉంది. ఆయన వంగిన నడుం వంగినట్టే ఉంచారు. చివరికి నోరు తెరిచింది. వంకరమూతి పక్కనుంచి ఒక రొట్టె పలుకు చీరమీద జారితే, ఆయన దాన్నీ ఏరి పెట్టారు.