మానిటర్ మీద పసుపు

నేను ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి చూసేవాణ్ని. చూడడమే నా ఉద్యోగం. రైతు బండి గేటు దాటి లోపలికి రాగానే మోచేతి దాకా పత్తిలోకి చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక పిడికెడు లాగి, పింజను వేళ్ల మధ్య సాగదీసి, వెలుగుకు పట్టి రేటు చెబుతాను. తేమ చూడడానికి మిషన్ ఉంది. రంగు చూడడానికి ఏ మిషనూ లేదు, నేనున్నాను. తెల్లగా ఉంటే పూర్తి రేటు, పసుపు తిరిగితే కోత. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. ఎవరైనా ఎదురు మాట్లాడితే నాకు చిర్రెత్తుకొస్తుంది, అది కూడా ఇరవై ఆరేళ్లుగానే.

పోయిన సీజన్‌లో జైనూర్ వైపు నుంచి ఒక రైతామె వచ్చింది. నలుగురైదుగురు కలిసి ఒకే వ్యానులో పత్తి తెచ్చుకున్నారు. ఆమె వంతు వచ్చినప్పుడు నేను పిడికెడు లాగి చూసి పసుపు తిరిగిందన్నాను. ఆమె వదల్లేదు. "తెల్లగనే ఉన్నది కద సారు" అంటూ తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి పత్తి పక్కన పరిచింది. "రెండు ఒక్క తీరుగ లేవా? జర మంచిగ సూడు."

"నీ తువ్వాల గూడ మాసింది తల్లీ, ముందు దాన్ని ఉతుక్కో" అన్నాను.

హమాలీలు పగలబడి నవ్వారు. ఆమె తువ్వాల మడిచి చంకలో పెట్టుకుని, చిట్టీ తీసుకుని కాటా వైపు వెళ్లిపోయింది. ఆ రోజు ఇంటికెళ్లి అన్నం తింటూ ఈ ముచ్చట చెప్పి నేనూ మళ్లీ నవ్వాను. నా బిడ్డ మాత్రం నవ్వలేదు. "గట్లెందుకంటివి బాపు?" అంది. పత్తి గురించి నీకేం తెలుసని కసిరాను.

బిడ్డకు అప్పుడే కరీంనగర్‌లో డిగ్రీ అయిపోయింది. చిన్నప్పటి నుంచి ఫోన్లో గేములు ఆడీ ఆడీ, చివరికి గేములు విడుదల కాకముందు ఆడి తప్పులు పట్టే ఉద్యోగం సంపాదించుకుంది. ఆడితే జీతమిచ్చేవాళ్లు కూడా ఉంటారని నేను ఆ రోజే విన్నాను. ఇంట్లో కూర్చునే చేయవచ్చు, కానీ గేమింగ్ కంప్యూటర్ తనదే ఉండాలి. డెబ్బై వేలు ఇస్తానన్నాను. నా దగ్గరున్నది అంతే. ఆమె ఆ డెబ్బై వేలను నెల రోజుల పాటు అటూ ఇటూ జరిపింది. గ్రాఫిక్స్ కార్డు పెద్దది పెడితే ర్యామ్ తగ్గుతుంది, ర్యామ్ పెంచితే ప్రాసెసర్ ఒక మెట్టు దిగుతుంది. మొత్తం లెక్క సరిపోయిందనుకున్న రోజున మానిటర్ దగ్గర మా ఇద్దరికీ తగువు పడింది.

ఇంటికొచ్చినవాళ్లు చూసేది తెరనే కదా, పెట్టె లోపల ఏముందో ఎవరు చూస్తారు, డబ్బులన్నీ పెద్ద తెర మీదే పెట్టమన్నాను. ఆమె తల పట్టుకుంది.

"కార్డు చిన్నదై తెర పెద్దదైతె బొమ్మ ఈడ్సుకుంట వస్తది బాపు. పోనీ కార్డు పెద్దది తెచ్చి మానిటర్ అగ్గువది పెడితె? కార్డు సెకనుకు నూట నలభై బొమ్మలు పంపుతది. మానిటర్ అరవైయ్యే సూపిస్తది. మిగిలినయి ఎటు పోయినట్టు?"

అది మాత్రం నాకు వెంటనే అర్థమైంది. మా మిల్లులో గింజ తీసే మిషన్లు ఎంత జోరుగా తిరిగినా, బేళ్లు కట్టే ప్రెస్ చిన్నదైతే దూది అంతా గుట్టపడి కూర్చుంటుంది. సరే, రెండూ ఒక తూకంలో ఉండాలని ఒప్పుకున్నాను. నేను ఇరవై ఏడు అంగుళాల ఆశ వదులుకున్నాను, తెర ఇరవై నాలుగు దగ్గర ఆగింది. మిగిలింది రంగు. రంగు సరిగ్గా చూపించే తెర కావాలని, అది బొమ్మల్లో చూసి కొనేది కాదని, కరీంనగర్‌లో తనకు తెలిసిన దుకాణానికి పోదామని అంది. పొద్దున్నే బస్సెక్కాం.

దుకాణం నడిపే భాయ్‌ది నా ఈడే. రెండు మానిటర్లు బల్ల మీద పక్కపక్కనే పెట్టి, రెండింటి మీదా ఏ రాతా లేని తెల్ల పేజీ తెరిచాడు. బిడ్డ నా భుజం పట్టుకుని ముందుకు నెట్టింది.

"నువ్వు చెప్పు బాపు. రంగు సంగతి నీకంటె ఎవలికెరుక?"

నిజం చెప్పాలి, నా ఛాతీ ఉబ్బింది. డిగ్రీ చదివిన పిల్ల పరాయి ఊళ్లో దుకాణం నిండా జనం ఉండగా నా కన్నును ముందుకు పిలిచింది. నేను పత్తిని చూసినట్టే కాస్త వంగి, తల పక్కకు వంచి, రెండు తెరలనూ చూశాను.

"రెండు పసుపే" అన్నాను.

భాయ్ నవ్వి ఇంకో డబ్బా తెప్పించి నా ఎదుటే సీలు కోశాడు. అదీ పసుపే. నాకు చిర్రెత్తుకొచ్చింది. పాత సరుకుకు కొత్త డబ్బాలు తొడిగి అమ్ముతున్నావన్నాను. ఇరవై ఆరేండ్ల సంది తెలుపు చూసి బతుకుతున్న, నన్నే మోసం చేస్తవా అన్నాను. దుకాణంలో మిగతావాళ్లు మా వైపు తిరిగారు. భాయ్ మానిటర్ కింద మీట నొక్కి రంగులు మార్చసాగాడు. ఒకచోట ఆపమన్నాను.

"గిదీ! గిప్పుడు తెల్లగైంది. సూసినవా?"

బిడ్డ నా చెయ్యి పట్టుకుంది. "బాపు, అది నీలం కొడుతున్నది" అంది చిన్నగా.

నేను దుకాణదారుణ్ని చూశాను. అతని మొహంలో కోపం లేదు, అదే నాకు మొదట భయం కలిగించింది.

"నారాజ్ కావద్దు సాబ్" అన్నాడు. "మా అబ్బాకు గూడ ముసలితనంల గిట్లనే అయింది. ఇంటికి సున్నం ఏసినోనితోటి పసుపు కలిపినవని కొట్లాడిండు. ఒక కన్ను మూసి సూడుండ్రి. మల్ల ఇంకోటి మూసి సూడుండ్రి."

ఎడమ కన్ను మూశాను. తెర మీద పలుచటి చాయ్ ఒలికినట్టుంది. కుడి కన్ను మూశాను. చాయ్ తగ్గింది, పూర్తిగా పోలేదు. ఒకే తెర, రెండు రంగులు. బల్ల మీదున్న ధరల కాగితం తీసి చూశాను, అదీ అంతే. బిడ్డ వైపు తిరిగి, నీ చున్నీ ఏ రంగని అడిగాను. తెలుపు అంది. పొద్దున బస్సెక్కినప్పటి నుంచి అది గంధం రంగనుకుంటున్నాను.

ఎవరో కుర్చీ వేశారు, కూర్చున్నాను. ఎవరో మంచినీళ్లిచ్చారు, తాగాను. నాకు ఆ జైనూరామె తువ్వాల గుర్తొచ్చింది. పత్తి పక్కన ఆమె దాన్ని పరిచిన తీరు, అంచు మడత విప్పిన తీరు అన్నీ గుర్తొచ్చాయి. రెండూ ఒక్క తీరుగా లేవా అని అడిగింది. ఉన్నాయి. నాకు కూడా రెండూ ఒక్క తీరుగానే కనిపించాయి. అది చూసి కూడా నేను తువ్వాలనే తప్పుపట్టాను.

ఆ రోజు ఏమీ కొనలేదు. భాయ్‌కి దండం పెట్టి బయటికొచ్చాం. బస్సు గోదావరి దాటాక బిడ్డ అడిగింది.

"ఎన్నేండ్ల సంది బాపు?"

నాకు తెలియదు. తెలియకపోవడమే నన్ను తినేసింది. ఒక సీజనా, రెండా, మూడా? రోజుకు ఎన్ని బండ్లు? వాటిలో నిజంగా పసుపు తిరిగినవి ఎన్ని, నేను పసుపు చేసినవి ఎన్ని? కిటికీ బయట చేలన్నీ నాకు ఒక్కటే రంగులో కనిపించాయి.

కంటి డాక్టర్ రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయన్నాడు. కొంచెం కొంచెంగా పసుపు కమ్ముతుంది కాబట్టి మనిషికి తెలియదట, రెండు మూడేళ్లయి ఉండవచ్చట. ఆపరేషన్ చేస్తే పోతుందన్నాడు. నేను మిల్లుకు వెళ్లి యజమాని సేఠ్ గదిలో నిలబడ్డాను.

"కాయ్ ఝాలా? ఏమైంది?" అన్నాడు ఆయన నా మొహం చూసి.

అంతా చెప్పాను. ఆ ఉద్యోగం నాకు ఇక లేదనుకునే చెప్పాను. ఆయన విని నవ్వాడు.

"నువ్వు కోతలెక్కువ పెట్టినవు, నాకేం నష్టమైంది? పసుపును తెలుపని రాసి ఉంటె గప్పుడు నీ నౌకరీ పోతుండె. ఆపరేషన్ చేయించుకొని సీజన్‌కు రా."

కోత పెట్టిన డబ్బు వాళ్లకు తిరిగి ఇవ్వడానికి వీలుంటుందా అని అడిగాను. ఆయన నవ్వు ఆగింది. "ఎవలెవలికని ఇస్తవ్? గీ మాట గేటు బయట అనకు" అన్నాడు. నేను సరేనన్నాను. నా నోరు రైతుల మీద లేస్తుంది, దుకాణాల్లో లేస్తుంది, ఇంట్లో లేస్తుంది. సేఠ్ ముందు లేవదు. ఇది ఆ రోజే తెలిసిందని అబద్ధం చెప్పను.

ఇంటికొచ్చేసరికి బిడ్డ తన లెక్క మొత్తం మార్చేసి కూర్చుంది. నెల రోజులు అపురూపంగా కూర్చిన జాబితాలోంచి గ్రాఫిక్స్ కార్డును కొట్టేసింది. ఆ డబ్బు నా కుడి కంటికి. ప్రాసెసర్ లోపలే కొంత గ్రాఫిక్స్ ఉంటుందట, మొదట ఇచ్చేవి ఫోను గేములేనట, వాటిని పరీక్షించడానికి దానితో నడుస్తుందట.

"మరి నువ్వు ఆడుకునేటియి?" అన్నాను.

"సెట్టింగులు తగ్గించుకొని ఆడుకుంట. కార్డు ఎప్పుడన్న పెట్టుకోవచ్చు."

అయితే మానిటర్ కూడా అగ్గువది కొనమన్నాను, కార్డే లేనప్పుడు అంత తెర ఎందుకని. తూకం గురించి ఆమె నేర్పిన పాఠమే ఆమెకు తిరిగి చెప్పాను. ఒప్పుకోలేదు. "కార్డు లేకపోతె గేము మెల్లగ నడుస్తది. గంతే. తెర రంగు తప్పు సూపిస్తె, నేను మంచిదాన్ని గూడ తప్పని రాస్త" అంది. నా గురించి అనలేదు, తన ఉద్యోగం గురించే అంది. అయినా నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను.

కుడి కంటికి ఆపరేషన్ అయింది. ఆ తర్వాతి వారంలో ఆ భాయ్ దగ్గర నుంచే మానిటర్ వచ్చింది, నేను పసుపని తిట్టిన వాటిలో ఒకటి. బిడ్డ అన్నీ బిగించి, నన్ను కూర్చోబెట్టి, తెల్ల పేజీ తెరిచింది. నా ఎడమ కంటిని తనే చేత్తో మూసింది.

తెలుపు. సున్నం, పాలు, ఉతికిన బట్ట, అన్నీ ఒక్కసారి మీద పడ్డట్టు తెలుపు. నాకు ఏడుపొచ్చింది. కంట్లో మందు కారిపోతుందని బిడ్డ భయపడి దూదితో అద్దసాగింది. ఆ దూదిని కూడా లాక్కుని చూశాను. ఇన్నాళ్లూ నేను ఏం చూసి ఏం రాశానో నాకు తెలియదు.

సీజన్ నాటికి రెండో కన్ను కూడా బాగైంది. మిల్లులో మళ్లీ నా చోట నిలబడ్డాను. ప్రతి వ్యానులోనూ ఆమె కోసం వెతికాను. ఆమె వస్తే ఏం చెప్పాలో స్నానం చేస్తూ, నడుస్తూ లోపల్లోపల చాలాసార్లు చెప్పుకున్నాను. రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

దీపావళి అయిన రెండు వారాలకు వచ్చింది. తలకు తువ్వాల లేదు, కొంగు చుట్టుకుంది. నేను పత్తిలో చెయ్యి పెట్టకముందే తనే అంది:

"జర పసుపున్నది సారు. కోత ఎంతైతె గంత రాసుకో. దూరం పోవాలె."

పిడికెడు లాగాను. వెలుగుకు పట్టాను. మచ్చ లేదు.

"తెల్లగున్నదమ్మా. కోత లేదు" అని చిట్టీ రాసిచ్చాను.

ఆమె ముందు హమాలీల వైపు చూసింది, ఎవరైనా నవ్వుతున్నారేమోనని. తర్వాత నా వైపు చూసింది. "ఎగతాళి చెయ్యకు సారు" అంది.

సేఠ్ గది కిటికీ తెరిచే ఉంది. నా గొంతు అంత దూరం వినిపిస్తుందని నాకు తెలుసు.

"పోయినేడు నా కండ్లల్ల శుక్లాలుండె. గప్పుడు గూడ నీ పత్తి తెల్లగనే ఉండె. తప్పు నాది. నీ తువ్వాల గూడ తెల్లగనే ఉండె" అన్నాను.

హమాలీలు బస్తాలు దించడం ఆపారు. ఆమె చేతిలోని చిట్టీని మడిచింది, విప్పింది.

"ఇంటికి పోయి గా తువ్వాలను రెండుసార్లు సబ్బు పెట్టి పిండిన సారు" అంది. "కొత్తదాన్ని ఎందుకు ఉతుకుతున్నవని మావోళ్లు అడిగిన్రు."