టీచరుగారింట్లో నకిలీ బ్యాగులు

తెనాలిలో మా వీధి ఆడవాళ్లం నెలకొకసారి ఎవరో ఒకరి ఇంట్లో చేరేవాళ్లం. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. మధ్యాహ్నం పనులు ముగించుకుని, పకోడీలు తింటూ, ఎవరైనా తెచ్చిన చీరలు చూసుకుంటూ, పిల్లలు బడి నుంచి వచ్చే వేళదాకా కూర్చునేవాళ్లం. నేను హ్యాండ్‌బ్యాగులు అమ్మడం మొదలుపెట్టింది అక్కడే.

చెన్నైలో మా పెద్దమ్మ కూతురు నన్నొక సందులోని దుకాణానికి తీసుకెళ్లింది. గోడ నిండా విదేశీ కంపెనీల బ్యాగులు. పేరు, ముద్ర, జిప్పుకు వేలాడే చిన్న బిళ్లతో సహా అన్నీ అచ్చం అసలువాటిలాగే ఉన్నాయి. దుకాణదారు దాచలేదు, కాపీలేనని చెప్పాడు. పెద్ద సూట్‌కేసు నిండా తెచ్చాను. మా వీధిలో రెండు గంటల్లో అయిపోయాయి.

డిగ్రీ చదివి పన్నెండేళ్లుగా ఇంట్లో ఉన్నదాన్ని. పెళ్లిళ్లలో ఫలానా ఆయన భార్యగా తప్ప నన్నెవరూ గుర్తుపట్టేవారు కాదు. ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా నాకోసం ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు. ఆ పలకరింపులకు అలవాటుపడ్డాను.

వీధి చివర ఒక ప్లీడరుగారుండేవారు. వాళ్లావిడ నా దగ్గర బ్యాగు కొన్న మర్నాడే, ఆయన దాన్ని పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"అమ్మాయ్, ఇది అసలుదేనా?"

"కాదు బాబాయిగారూ. అసలుది మనమెక్కడ కొనగలం?"

"ఆ పేరు వేరేవాళ్లదమ్మా. దొంగపేరు వేసిన సరుకు అమ్మితే క్రిమినల్ కేసవుతుంది. ఆర్నెల్ల నుంచి మూడేళ్లదాకా జైలు, పైన జరిమానా. అమ్మడమే కాదు, అమ్మడానికని ఇంట్లో పెట్టుకున్నా నేరమే. అసలుదని చెప్పి అమ్మావనుకో, మోసం కేసు కూడా పెడతారు."

"ఇళ్లల్లో అమ్ముకునేవాళ్ల మీద కూడానా అండీ?"

"చట్టానికి కొట్టయినా ఇల్లయినా ఒకటే. ఎవరింట్లో పెట్టి అమ్ముతావో వాళ్లని కూడా అడుగుతారు. మానెయ్యి తల్లీ."

తెనాలిలో మానేశాను. ఆయన కంటపడకుండా రేపల్లెలో మా ఆడపడుచు ఇంట్లో మొదలుపెట్టాను. అక్కడ ఒకావిడ బ్యాగు చేతిలోకి తీసుకుని, "డూప్లికేటా అండి?" అని అడిగింది. అవునన్నాను. మెల్లగా మంచం మీద పెట్టేసి చెయ్యి చీరకు తుడుచుకుంది. ఆ తర్వాత నేను అవునని ఎవరికీ చెప్పలేదు. ఎక్స్‌పోర్టుకు పోగా మిగిలినవి, అందుకే తక్కువకి వస్తున్నాయని చెప్పడం నేర్చుకున్నాను.

హైస్కూల్లో నాకు ఇంగ్లీషు చెప్పిన టీచరుగారు అప్పటికి బాపట్లలో పనిచేస్తున్నారు. పెళ్లి చేసుకోలేదు. బడి, ఆదివారం చర్చి, ఇంటి ముందు మందారాలు, అంతే ఆవిడ లోకం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్న నన్ను బడి మాన్పిస్తే, ఆవిడ మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, ఆయన ఒప్పుకునేదాకా కదల్లేదు. అలాంటి మనిషింటికి నేను సూట్‌కేసు తీసుకుని వెళ్లాను.

"టీచర్, మీకు తెలిసినవాళ్లని నలుగురిని పిలవరా?" అన్నాను.

"ఇవి మంచివేనా అమ్మా? నాకు వీటి సంగతి తెలీదు."

"అసలువే టీచర్. ఎక్స్‌పోర్టులో మిగిలినవి."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. తోటి టీచర్లకు, చర్చిలో తెలిసినవాళ్లకు కబురుపెట్టారు. "మా స్టూడెంటేనండి, అన్నీ అసలువే తెచ్చింది" అని ఆవిడే ఒక్కొక్కరికీ చెప్పారు. ఆవిడ మాట మీద ఎవరూ తిప్పి చూడకుండా కొన్నారు.

అలా కొన్నవాళ్లలో ఒకావిడ బ్యాగును హైదరాబాదులో ఉన్న కూతురికిచ్చిందట. జిప్పు పాడైతే ఆ అమ్మాయి కంపెనీ షోరూముకు తీసుకెళ్లింది. అది నకిలీదని అందరిముందూ చెప్పి, ఎక్కడ కొన్నారో రాసుకుని పంపించారట. ఈ సంగతి అప్పటికి నాకూ టీచరుగారికీ తెలియదు. నెలన్నర తర్వాత నేను మళ్లీ బాపట్ల వెళ్లాను.

ఆ రోజు ఎప్పుడూ చూడని ఆడవాళ్లిద్దరు వచ్చారు; కంపెనీ పంపినవాళ్లని తర్వాత తెలిసింది. ఒకావిడ బ్యాగు లోపలి కుట్లు కూడా పరీక్షగా చూసి, టీచరుగారిని "బిల్లు ఇస్తారా?" అని అడిగింది. టీచరుగారు నవ్వి, అన్నీ అసలువేనన్నారు. అడిగినావిడ ఫోన్ మాట్లాడాలని బయటికెళ్లింది. నేను కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్లాను. ట్రే పట్టుకుని తిరిగి వచ్చేసరికి హాల్లో డీఎస్పీగారు, ఇద్దరు కానిస్టేబుళ్లు నిలబడి ఉన్నారు.

"ఈ సరుకెవరిదండి?" అని అడిగారాయన.

అందరూ చేతుల్లోని బ్యాగులు కింద పెట్టేశారు. టీచరుగారు నా వైపు చూశారు. వంటింటి గుమ్మంలో నేను, చేతుల్లో ట్రే. నాదేనండి అంటే సరిపోయేది. ప్లీడరుగారు చెప్పిన మూడేళ్లు చెవిలో గింగురుమంటున్నాయి. తల దించుకుని కప్పుల వైపు చూస్తూ ఉండిపోయాను.

"ఇల్లు నాదండి. నన్నడగండి" అన్నారు టీచరుగారు.

బ్యాగులన్నీ లెక్కరాసి మూటకట్టారు. ఆడ కానిస్టేబులు పక్కన నడుస్తుండగా టీచరుగారు వెళ్లి జీపెక్కారు. వీధిలో ఆవిడ దగ్గర చదువుకునే పిల్లలు సైకిళ్లాపి చూస్తున్నారు. నేను మిగతా ఆడవాళ్లతో కలిసి బయటికొచ్చి, స్టేషనుకు వెళ్లి తెనాలి రైలెక్కాను. పాస్టరుగారు జామీను ఇస్తే సాయంత్రానికి ఆవిడను ఇంటికి పంపారని తర్వాత తెలిసింది.

మూడు రోజులు మా ఆయనకు కూడా చెప్పలేదు. నాలుగో రోజు పేపర్లో బాపట్ల వార్త చదివి ప్లీడరుగారే వచ్చారు. నన్ను చూడగానే ఆయనకు అర్థమైపోయింది.

"ఇప్పుడు చెప్పినా నీ మీద కేసు తప్పదు" అన్నారు.

"చెప్పకపోతే?"

"ఆవిడ మీద పడుతుంది. ఏంటి, దానికి ఒప్పుకుంటావా?"

ఆ మధ్యాహ్నమే ప్లీడరుగారు, మా ఆయన వెంటరాగా బాపట్ల వెళ్లి, సరుకు నాదేనని, అసలువని చెప్పి టీచరుగారిని నమ్మించానని రాసిచ్చాను. అయినా ఆవిడ పేరు కేసులోంచి పోలేదు. సరుకు దొరికింది ఆవిడ ఇంట్లో. అసలువని చెప్పిందీ ఆవిడే. కేసు తేలేదాకా బడికి రావద్దని సస్పెండ్ చేశారు. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉందనగా జరిగిందిది.

వాయిదాలకు ఇద్దరం ఒకే బల్ల మీద ఆ చివరా ఈ చివరా కూర్చునేవాళ్లం. మూడేళ్లు నడిచింది. మోసపోయిన మనిషే తప్ప మోసం చేసిన మనిషి కాదని కోర్టు ఆవిడను వదిలేసింది. నా అంతట నేను వచ్చి ఒప్పుకున్నందుకు నాకు శిక్ష తగ్గించి, జరిమానా వేసి, ఆ రోజు కోర్టు లేచేదాకా అక్కడే ఉండమన్నారు. కానీ అప్పటికే టీచరుగారి రిటైర్మెంటు రోజు వచ్చి వెళ్లిపోయింది. ముప్పైమూడేళ్లు పాఠాలు చెప్పిన మనిషికి బడిలో దండ వేసినవాళ్లు లేరు. పిల్లల ముందు నిలబడి రెండు మాటలు చెప్పే వీలూ లేకపోయింది.

ఆవిడ ఇల్లు ఖాళీ చేసి రేపల్లెలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయారు. ధైర్యం కూడగట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది. వెళితే కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు. క్షమించమని అడుగుతూ ఏడ్చాను. ఆవిడ నన్ను ఏడవనిచ్చారు.

"కేసు సంగతి కాదమ్మా" అన్నారు చివరికి. "ఆ రోజు డీఎస్పీగారు అడిగినప్పుడు నువ్వు చెబుతావని చూశాను. చాలాసేపు చూశాను."

ఆవిడ గేటుదాకా వచ్చి, రైలుకు టైమవుతోంది వెళ్లమన్నారు. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు. రేపల్లెలోనే ఉన్న మా ఆడపడుచు ఇంటికి ఇప్పటికీ వెళుతుంటాను. టీచరుగారుండే వీధిలోకి మాత్రం మళ్లీ వెళ్లలేదు.