బావ నోరు కట్టేసిన రికార్డు

దయ్యాలు, చేతబడులు నేను నమ్మను. నమ్మేవాణ్ణయితే కోరుట్లలో మా నాన్న కిరాణా కొట్టు గుమ్మానికి కట్టిన దిష్టి నిమ్మకాయలు దించి షర్బత్ చేసుకుని తాగేవాణ్ణి కాదు. దిష్టి సంగతేమో గానీ షర్బత్ బాగానే ఉండేది. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నానంటే నాకే కొంచెం సిగ్గుగా ఉంది.

బహ్రెయిన్‌లోని మనామాలో మాది పాత సామాన్ల వ్యాపారం. దేశం వదిలి వెళ్లేవాళ్ల మంచాలు, ఫ్రిజ్‌లు కొని, కొత్తగా వచ్చేవాళ్లకు అమ్ముతాం. మేమంటే నేనూ, మా అక్క భర్త రాజలింగం బావా. ఒకే దుకాణాన్ని మధ్యలో పలుచటి చెక్క గోడ పెట్టి రెండుగా చేసుకున్నాం. రోడ్డు వైపు సగం బావకు, సందు వైపు సగం నాకు వచ్చాయి. ఎలా వచ్చాయో అడగొద్దు. బేరంలో నన్ను ఓడించిన మనిషి భూమ్మీద ఒక్కడే, ఆ ఒక్కడికీ మా అక్కనిచ్చాం.

మా వ్యాపారంలో ఒక పద్ధతుంది. ఇల్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర ఒక్కో వస్తువుకు ధర కట్టం. గుమ్మంలో నిలబడి గది మొత్తానికి ఒక మాట అనుకుంటాం. చెయ్యి కలిపి, ఇద్దరూ నోటితో 'ఖలాస్', అంటే అయిపోయింది, అనాలి. ఆ మాట పడిన క్షణాన గదిలో ఏముంటే అదంతా కొన్నవాడిది. తెలిసినవాళ్లు తమకు కావలసినవి ముందే బయట పెట్టుకుంటారు.

ఈమధ్య బావ సామాను కొన్న మేడం ఈ పద్ధతి తెలియని మనిషి. చెక్ దేశపు పెద్దావిడ. భర్త ఇక్కడ పిల్లలకు సంగీతం నేర్పేవాడట. జబ్బుచేసి సల్మానియా ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆమె తమ దేశం వెళ్లిపోతూ ఇంట్లో సామానంతా బావకు అమ్మింది. పరదా వెనక మూలన భర్త వాయించిన చెల్లో ఉంది. వయొలిన్‌కు పెద్దన్నలా ఉంటుంది, కూర్చుని మోకాళ్ల మధ్య ఆనించుకుని వాయిస్తారు. దాన్ని వెంట తీసుకెళ్లాలనే ఆమె అనుకుంది. అది అమ్మకానికి లేదని వేరే చెప్పాలని ఆమెకు తోచలేదు. బావ దాన్ని ముందే చూశాడు. చూడనట్టు నిలబడి తాను ఖలాస్ అన్నాడు, ఆమె చేతా అనిపించాడు.

ఆ సామానులోంచి ఒక రికార్డు ప్లేయర్‌నూ, దానితో పాటు ఒకే ఒక్క రికార్డునూ బావ నాకు అంటగట్టాడు. నేనూ తక్కువ తినలేదు. సూది అరిగిందన్నాను, అట్ట చిరిగిందన్నాను, ఇలాంటివి ఈ రోజుల్లో ఎవడు కొంటాడన్నాను. ఎవడు కొంటాడో మనసులో అప్పటికే అనుకున్నాను లెండి.

అట్ట మీద నల్లకోట్లు తొడుక్కున్న నలుగురు కూర్చుని ఉన్నారు. రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన వయోలా, చివరన చెల్లో. ఆ నాలుగు వాద్యాల కోసం పోయిన శతాబ్దపు చెక్ సంగీతకారుడొకరు కూర్చిన సంగీతమది. ఆయన పేరు పలకడానికి ప్రయత్నించాను. అచ్చులు ఎక్కడున్నాయో దొరకలేదు.

మర్నాడు మధ్యాహ్నం మేడం దుకాణానికి వచ్చింది. పొరపాటు జరిగిందనీ, శుక్రవారం తన విమానమనీ, ఆ చెల్లో ఒక్కటీ ఇచ్చేయమనీ అడిగింది. బావ తనకొచ్చిన ఇంగ్లీషులో ఖలాస్ అంటే ఖలాసే అన్నాడు.

"ఇచ్చెయ్యి బావా, మొగని గుర్తు గదా" అన్నాను నేను.

"గుర్తులన్ని వాపసిచ్చుకుంట పోతె దుకాణం నడుస్తదా బామ్మర్దీ? బేస్తవారం హోటలోళ్లు వస్తున్నరు. ముందల అలంకారానికి నిలబెట్టుకుంటరట."

మా సామాన్లు మోసే వ్యాన్ డ్రైవర్ యూసుఫ్ భాయ్ హైదరాబాదీ. ఆయనకిది నచ్చలేదు. "రాజలింగం భాయ్, మయ్యత్ అయిన ఇల్లు, మనిషి పోయిన ఇంటి సామాన్‌తోని మజాక్ మంచిగ కాదు" అన్నాడు.

"నీ వ్యాన్ నువ్వు నడుపుకో భాయ్" అన్నాడు బావ.

మేడం నా వైపు వచ్చి కూర్చుంది. బల్ల మీది రికార్డు చూసి, అట్ట మీద చివరి మనిషి పైన వేలు పెట్టింది. ఆయనే ఆమె భర్త. ఒక్కసారి వేయమని అడిగితే వేశాను.

నాకు ఆ సంగీతం ఏమీ తెలియలేదు. మొదట నలుగురూ కొట్లాడుకుంటున్నట్టే ఉంది. తర్వాత ఒకచోట వేగం తగ్గి చెల్లో ముందుకొచ్చింది, తక్కిన మూడూ కింద మెల్లగా సాగాయి. అప్పుడు బావ అటువైపు ఒక కేరళ మలబారీకి వాషింగ్ మెషిన్ అమ్ముతున్నాడు. గోడ దాటి వినిపించే ఆ గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. చెక్క గోడకున్న గుమ్మంలోంచి తొంగిచూశాను. బావ నోరు తెరిచి ఉంది, మాట లేదు. మలబారీ కాసేపు చూసి వెళ్లిపోయాడు. రికార్డులో చెల్లో ఆగి వయొలిన్లు అందుకోగానే, "ఏమైందిరా నాకు" అన్న బావ మాట వినబడింది.

పొలమారిందేమో అనుకున్నాను. సాయంత్రం ఊరికే మళ్లీ వేశాను. మళ్లీ అదే చోట అదే జరిగింది. బావ గొంతు డాక్టరుకు చూపిస్తే ఏమీ లేదన్నాడు.

ఇక నా బుద్ధి చెప్పాలా? బావ దగ్గరికి బేరం వచ్చినప్పుడల్లా సూది సరిగ్గా ఆ చోట పెట్టాను. ఎన్నేళ్లుగానో రోడ్డు వైపు సగం కోసం కుళ్లుకున్న కడుపు చల్లబడింది. ముసలావిడ కోసమే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ బేరంలో నన్ను నేనే మోసం చేసుకోలేకపోయాను.

బేస్తవారం హోటల్ మనిషి వచ్చాడు. చెల్లో బావ పక్కనే గోడకు ఆనించి ఉంది. అతను ధర అడిగాడు. నేను సూది పెట్టాను.

బావ మాట్లాడలేదు. అక్కడే నా తెలివి తెల్లారింది. మా నాన్న నేర్పిన మొదటి పాఠమే నేను మరిచిపోయాను. బేరంలో నోరు మూసుకున్నవాడిదే పైచేయి. ధర నచ్చలేదనుకుని హోటల్ మనిషి తనంతట తానే పెంచాడు. బావ మూగగా చూస్తుంటే ఇంకా పెంచాడు. చివరికి చెయ్యి చాపి ఖలాస్ అన్నాడు. బావ మొహం వెలిగిపోయింది. అతని చెయ్యి పట్టుకున్నాడు. ఇక నోటితో ఆ ఒక్క మాట అంటే చెల్లో పోయినట్టే.

బావ నోరు తెరిచాడు. అందులోంచి మాట రాలేదు. చెల్లో మోగింది.

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. నా వెనక రికార్డు తిరుగుతోంది, దానిలో మూడే మోగుతున్నాయి. నాలుగోది నా ముందు, బావ గొంతులోంచి వస్తోంది. పెదవులు కదలడం లేదు. మెడ నరాలు మాత్రం మీటిన తీగల్లా అదురుతున్నాయి. గోడకు ఆనించిన చెల్లోను ఎవరూ ముట్టుకోలేదు. హోటల్ మనిషి చెయ్యి విడిపించుకుని వెనక్కి చూడకుండా నడిచాడు. పరుగెత్తి వెళ్లి సూది లేపింది నేనే.

బావ చెల్లోను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి, తానే యూసుఫ్ భాయ్ వ్యాన్‌లో పెట్టాడు. ఆ సాయంత్రమే మేం ముగ్గురం దాన్ని మేడంకు అందించాం. బావను వ్యాన్ దగ్గరే ఉంచి, జరిగింది నేను ఆమెకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. తన భర్త ఎవరిమీదైనా కోపం పెట్టుకున్నాడంటే చచ్చేదాకా వదిలేవాడు కాదన్నది. చచ్చాక సంగతి మాత్రం తనకు తెలియదన్నది. రికార్డు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆయనకు ఇక్కడ ఇంకా పనున్నట్టుంది, ఉండనివ్వండి అన్నది.

శుక్రవారం ఆమె వెళ్లిపోయింది. నేను రికార్డు వేసి చూశాను. మూడే వినబడ్డాయి. నాలుగోది ఉండాల్సిన చోట మిగతా మూడూ దేనికోసమో ఆగినట్టు మెల్లగా సాగాయి, అంతే. సూది మార్చాను, స్పీకర్ మార్చాను. యూసుఫ్ భాయ్‌కి వినిపిస్తే ఆయనా మూడే అన్నాడు. అప్పుడే గోడ అవతల నుంచి బావ వచ్చాడు, గొంతు మీద చెయ్యి పెట్టుకుని.

"ఆ లావు తీగదాన్ని జర బంద్ చెయ్యిరా" అన్నాడు.

రికార్డు ఆపేశాను. బావ చెయ్యి గొంతు మీదే ఉంది. ఇంకా వినబడుతోందన్నాడు.

ఇప్పుడు బావ గది మొత్తం బేరం చేయడు. ఒక్కో వస్తువు చూపించి, ఇది మీకు కావాలా అని అడిగి మరీ తీసుకుంటాడు. ఖలాస్ అనే మాట అనవలసి వస్తే నన్ను పంపుతాడు.

ఇదంతా ఎలా జరిగిందో నాకు తెలియదు. గొంతు జబ్బు అందామంటే రికార్డులోంచి చెల్లో ఎటుపోయిందో చెప్పలేను. నా భ్రమ అందామంటే హోటల్ మనిషి పారిపోవడం చూశాను.

మొన్న ఒకతను ఆ రికార్డు తనకు కావాలన్నాడు. మంచి గిరాకీ. పుట్టి బుద్ధెరిగాక అడిగినవాడికి ధర చెప్పకుండా ఉన్నది లేదు. చెబుదామని నోరు తెరిచాను. గొంతులో అడుగున ఎక్కడో లావుపాటి తీగ ఒకటి బిగుసుకున్నట్టయింది.

నోరు మూసుకున్నాను. అతను ధర పెంచాడు. నేను మళ్లీ తెరవలేదు.