వీరుల గ్రూపులో నేనున్న రోజులు

పాతకాలపు సైనికుల వేషాలు కట్టుకునే వాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉందని నాకు చెప్పింది ప్రొద్దుటూరులో బట్టలు కుట్టే ఒక భాయ్. ప్యాంటు పొడుగు తగ్గించమని ఇవ్వడానికి ఆయన అంగడికి పోయాను. మిషను పక్కన చెక్కబొమ్మకు ఎర్ర నూలు అంగీ తొడిగి, నెత్తిన మూరెడు పొడుగు కుళ్ళాయి పెట్టి ఉంది. నాటకానికా అని అడిగాను.

"నాటకం గాదప్పా. విజయనగరం కాలంలో సిపాయిలు ఎట్ల తొడుక్కుంటాండ్రో అట్లనే కుట్టమంటాండారు. కాలరు ఉండగూడదంట, జిప్పు ఉండగూడదంట. శానా చాదస్తం మనుషులు. పని మాత్రం భలే ఉందిలే."

నేను జమ్మలమడుగులో ఒక ఆఫీసులో గుమాస్తాను. రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో పోయి వస్తాను. మాది గొర్రెలు మేపిన ఇల్లు. చిన్నప్పుడు మందతోపాటు పెన్న గట్టు వెంబడి నడుస్తూ గండికోట గోడలు ఎన్నిసార్లు చూశానో. ఆ గోడల మీద నిలబడిన మనిషి ఏం తొడుక్కున్నాడు, ఏం తిన్నాడు, కాలికి చెప్పులు ఉండేవా అని అప్పటినుంచి నాకొక పిచ్చి. ఆ పిచ్చిని ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చని నలభై దాటాక తెలిసింది. భాయ్ ఆ రోజే నన్ను గ్రూపులో చేర్పించాడు.

మొదట్లో నిజంగా సంతోషంగా ఉండేది. డాలు వెనక తోలుపట్టీ ఎట్లా కట్టాలి, కుళ్ళాయి ఎండకు ఒరిగిపోకుండా లోపల ఏం పెట్టాలి అని సాయంత్రమంతా వాదులాడుకునేవాళ్ళం. మైదుకూరులో లేత్ మిషను నడిపే ఒకాయన బల్లెం మొనలు తయారుచేసి ఫోటోలు పెట్టేవాడు. నేను కంచె తీగను చిన్న చిన్న రింగులుగా చుట్టి, ఒకదానిలో ఒకటి దూర్చి, గొలుసు కవచం అల్లడం మొదలుపెట్టాను. మా ఆవిడ గడప మీద కూర్చుని చూసేది.

"ఏందబ్బా ఇది? యుద్ధం యాడ జరగతాంది? ఆ తీగ చుట్టేదానికి బదులు బాత్రూము తలుపు గొళ్ళెం బాగుచేయరాదూ" అనేది. అయినా కవచం భుజాల దాకా వచ్చినప్పుడు తనే నా ఫోన్‌తో ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. ముప్పై మంది మెచ్చుకున్నారు. అంతమంది నన్ను ఒక్కసారిగా మెచ్చుకోవడం అంతకుముందు ఎన్నడూ లేదు.

గ్రూపుకు పెద్ద, పులివెందులలో మోటార్లు అమ్మే ఒకాయన. చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు కూడా ఉన్నాయి. తన పేరు బదులు 'సేనాపతి' అని పెట్టుకున్నాడు. మాకు హోదాలు పంచేది ఆయనే. నన్ను కాల్బంటును చేశాడు. భాయ్‌ని సుల్తాను సిపాయిని చేశాడు.

"మన అందరి బట్టలు కుట్టేది ఆయనే గదా, మన పక్క ఉండనీండి" అని ఒకసారి రాశాను.

"ఆయనకు ఆ వేషమే కుదురుతాది మామా" అని జవాబు వచ్చింది. దాని కింద నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. భాయ్ కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టాడు.

గండికోటలో మొదటిసారి అందరం కలిశాం. కోటగోడ దగ్గర ఉత్తుత్తి యుద్ధం. భాయ్ పడిపోవాలి, సేనాపతి ఆయన రొమ్ము మీద కాలు పెట్టి కత్తి ఎత్తాలి. ఫోన్లో వీడియో సరిగ్గా రాలేదని ఆ ఘట్టం మళ్ళీ మళ్ళీ తీశారు. "ఇంగొకసారి సావు భాయ్, మొగం కనపడలేదు" అని అరుస్తున్నారు. చూడవచ్చిన జనం నవ్వుతున్నారు. ఆయన ప్రతిసారీ లేచి, వీపు దులుపుకొని, మళ్ళీ పడుకున్నాడు.

"సచ్చి సచ్చి నడుము పట్టుకుందప్పా" అన్నాడు నాతో, నీళ్ళు తాగుతూ. నవ్వుతూనే అన్నాడు గానీ నా ముఖంలోకి చూడలేదు.

ఆ రాత్రికే ఎవరో ఆయన పడిపోయిన ఫోటోకు దండ వేసి, దీపం పెట్టి, 'స్వర్గస్థులైనారు' అని గ్రూపులో వేశారు. ఆ తర్వాత ఫోన్ మోగినప్పుడల్లా చేత్తో తీసుకోబుద్ధి అయ్యేది కాదు. అయినా తీసుకునేవాణ్ణి.

దసరా దగ్గర పడింది. ఆయుధ పూజ పాతకాలం పద్ధతిలోనే చేద్దామని సేనాపతి రాశాడు. పొట్టేలును ఒక్క వేటుకు తల తెగేట్టు నరకాలట. ఆ నరికేది తనేనట. మీసాలు తిప్పే బొమ్మలు, కత్తుల బొమ్మలు, జైకారాలు. ఒక్క వేటుకు తెగకపోతే వాడు మగాడే కాదని ఒకరు, తెగకపోతే గ్రూపు మూసేద్దామని ఇంకొకరు. నాకు భయం పట్టుకుంది. మా ఇంట్లో జాతరకు పొట్టేలును కోసేవాళ్ళం. మా నాయన కత్తి పదును గోటి మీద చూసుకునేవాడు. కోసే ముందు దాని కండ్లకు చెయ్యి అడ్డం పెట్టేవాడు. పని క్షణంలో అయిపోయేది. చూస్తున్న వాళ్ళు ఎవరూ కేకలు వేసేవాళ్ళు కాదు.

"చేయి తిరిగిన మనిషిని పిలిపిద్దాం. తెలియనివాళ్ళు చేస్తే దానికి నరకం" అని రాశాను.

"గొర్లు కాసినోడికి గొర్రె మింద ప్రేమ ఉంటాదిలే" అని సేనాపతి వాయిస్ మెసేజ్ పెట్టాడు. వెనక ఇంకెవరో నవ్వుతున్నారు.

పులివెందుల బయట ఆయన చీనీ తోటలో, మధ్యాహ్నం. అందరం వేషాలతో ఉన్నాం. నా కవచం ఎండకు కాలుతోంది. పొట్టేలుకు పసుపు రాసి, కొమ్ములకు పూలు చుట్టారు. అది ఆ పూలనే తినాలని తల తిప్పుతోంది. కత్తి తళతళ మెరుస్తోంది. అది ఫోటోల కోసం మెరుగుపెట్టిన కత్తి. దానికి పదును లేదని పట్టుకు చూసిన వాళ్ళెవరికైనా తెలుస్తుంది. లేత్ మిషను నడిపే ఆయన సేనాపతి దగ్గరికి పోయి అదే చెప్పాడు. సేనాపతి పక్కకు తప్పుకోమన్నాడు.

మొదటి వేటు మెడ మీద పడలేదు, భుజం మీద పడింది. పొట్టేలు మోకాళ్ళ మీద కూలి అరిచింది. రెండోది ఎముకకు తగిలి జారింది. తర్వాత ఆయన వేట్లు వేయలేదు, చెట్టు మొద్దును కొట్టినట్టు కొట్టాడు. ఊపిరి అందక నోరు తెరిచాడు. పెట్టుడు మీసాల జిగురు ఊడి, ఒకవైపు మీసం పెదవి మీదికి జారింది. చుట్టూ ఫోన్లు అట్లాగే పైకెత్తి ఉన్నాయి. "ఆపొద్దు, ఆపొద్దు, బాగా వస్తాంది" అని ఎవరో అరుస్తున్నారు. ఏం బాగా వస్తోందో నాకు ఈరోజుకూ తెలియదు.

నేను పోయి దాని తల పట్టుకున్నాను. నా చేతులకు వెచ్చగా తగిలింది. అప్పటికే భాయ్ వంటల దగ్గర నుంచి కత్తి తీసుకుని పరుగెత్తి వస్తున్నాడు. సుల్తాను సిపాయి అంగీ ఎగదోపుకుని, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో ఏదో అనుకుని, ఒక్క కోతతో ముగించాడు. తర్వాత చెంబుతో కొంచెం నీళ్ళు దాని నోటి దగ్గర పోశాడు.

"ఎవురు చేయమన్నారు నిన్ను?" అన్నాడు సేనాపతి.

"అదే అడిగిందప్పా. మీకు ఇనపడలేదా?" అన్నాడు భాయ్.

ఒక గంటకంతా అదే మాంసం వండుకుని తిన్నారు. లోటాలతో పులుసు తాగుతూ, వేళ్ళు నాకుతూ, ఒకరి వీడియో ఒకరికి చూపించుకున్నారు. నేను తోట చివరికి పోయి వాంతి చేసుకున్నాను. మాంసం తినే ఇంట్లో పుట్టినవాణ్ణి. మాంసానికి కాదు వచ్చింది ఆ వాంతి.

ప్రొద్దుటూరు బస్సులో భాయ్, నేను పక్కపక్కనే కూర్చున్నాం. రక్తమైన అంగీని కవరులో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

తెల్లారి గ్రూపులో వీడియో వచ్చింది. కత్తి పైకి లేస్తుంది, డప్పులు మోగుతాయి, ఆ వెంటనే పళ్ళెంలో తల. మధ్యలో ఏమీ లేదు. కింద 'ఒక్క వేటు' అని పెద్ద అక్షరాలు. పక్కనే నిలబడి అంతా చూసినవాళ్ళే ఎర్ర గుండెలు పంపారు. మధ్యాహ్నానికి ఇంకొక కథ బయలుదేరింది. భాయ్ మధ్యలో దూరి బలిని మైల చేశాడట. "శత్రువును లోపలికి రానిస్తే ఇంతే" అని ఒకడు రాశాడు.

జరిగింది జరిగినట్టు రాసి పెట్టాను. ఎన్ని వేట్లు పడ్డాయో, కత్తికి పదును లేదని ఎవరు చెప్పారో, ఎవరు వినలేదో. సాయంత్రం దాకా గ్రూపులో ఒక్క మాట లేదు. నాకు విడిగా మాత్రం మెసేజ్‌లు వచ్చాయి. వాటిలో ఒకటి ఇది.

"నువ్వు చెప్పింది నిజమేనప్పా. నాకు గూడ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ గ్రూపులో ఎందుకు పెట్టినావు?"

ఆ మనిషి గుండె బొమ్మ వీడియో కింద ఇంకా అట్లాగే ఉంది. నేను వెళ్ళి చూశాను. సేనాపతి మీద నాకు కోపం వచ్చింది. ఈ మనిషిని చూస్తే మాత్రం ఒళ్ళంతా జిడ్డు పూసుకున్నట్టయింది. అప్పుడే గ్రూపులో నుంచి బయటికి వచ్చేశాను. భాయ్ మాత్రం రాలేదు. అంగడికి పోయి అడిగాను.

"ఇంగా దాంట్లో ఎందుకున్నావు భాయ్?"

"నేను లేనప్పుడు ఏమన్నా అంటారు. నేనుండంగా అనమను సూద్దాం." మిషను ఆపకుండానే అన్నాడు.

అనలేకపోయారు. ఆయన్ను తీసేయడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు. వేరే గ్రూపు పెట్టుకుని, ఆయనకు చెప్పకుండా ఒకరి వెనక ఒకరు అందులోకి జారుకున్నారు. కొత్త బట్టలు కావాలని మనిషిని పంపితే, పెండ్లి జాకెట్లు కుడుతున్నానని, తీరిక లేదని చెప్పి పంపేశాడు. లేత్ ఆయన ఒక్కడే మా ఇద్దరికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు.

మొన్న సాయంత్రం జమ్మలమడుగు బస్సులో మా ఆఫీసు అతను తన ఫోన్ నా ముందు పెట్టాడు. "మన పులివెందులోళ్ళంట సూడప్పా, ఒక్క వేటు!" అన్నాడు. డప్పులు వినగానే గుర్తుపట్టాను. ఆపమని, జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను. పొట్టేలు అరిచిన సంగతి, నా చేతులకు వెచ్చగా తగిలిన సంగతి కూడా చెప్పాను. అతను శ్రద్ధగానే విన్నాడు. "అయ్యో, పాపం" అన్నాడు. తర్వాత తెర కేసి చూసి, వీడియో మళ్ళీ మొదటినుంచి పెట్టుకుని, "యాడ కట్ చేసినారో తెలీనే లేదే, భలే చేసినారు" అన్నాడు.

నేను లేచి ముందు సీటులోకి పోయి కూర్చున్నాను.