దాతల పలక మీద నాన్న పేరు

1976లో ఇంటర్ పాసై, వైద్య కళాశాలలో సీటు తెచ్చుకున్నాను. ఛత్రినాకలోని మా బట్టల దుకాణం నలుగురు అన్నదమ్ములది. లైసెన్సు పెద్దవాడైన నాన్న పేరు మీద ఉంది కాబట్టి ఆదాయమంతా ఆయనదేనని సర్కారు స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. బాబాయిలు ఒప్పుకోనిదే గల్లాలోంచి ఆయన రూపాయి కూడా తీయలేడు. ఆడపిల్ల చదువుకు వాళ్లు ఒప్పుకోలేదు.

నాన్నకు చెప్పకుండా, మా కులసంఘం ఇచ్చే స్కాలర్‌షిప్‌ కోసం దరఖాస్తు పట్టుకెళ్లాను. గుమాస్తా గోడకున్న చలువరాతి పలక చూపించాడు. దాతల్లో రెండో పేరు నాన్నది. తాత పోయినప్పుడు అన్నదమ్ములంతా కలిసి ఇచ్చిన చందా అది.

"సేట్ బిడ్డకు ఇస్తే లొల్లి అయితదమ్మా," అన్నాడు.

ఆదివారం సంఘం వార్షిక సభలో నాన్నను వేదిక మీదికి పిలిచి, నా క్లాసుమేటుకు ఆయన చేతనే స్కాలర్‌షిప్ కవరు ఇప్పించారు.

"మంచిగ చదువుకో బిడ్డా," అని కవరు చేతికిచ్చి, కింద కూర్చున్న నన్ను చూసి తల దించుకున్నాడు నాన్న.

దారిలో అడిగాను. "మరి నా ఫీజు ఎట్ల బాపు?"

"పలక మీద పేరు పెట్టుకొని ఎవల్ని అడుగుమంటవ్?"

ఆ వారమే గడువు దాటి, సీటు ఇంకొకరికి పోయింది. నేను సంఘం ఉన్న వీధిలోనే ఓ ఇంటికి కోడలినయ్యాను. ఏటా సభకు ముందు ఆ పలకను తడిగుడ్డతో తుడిచేది నేనే.