భుజం దగ్గర మడత

నా చిన్నప్పుడు, మేము ఐర్లండ్‌లో ట్రాలీ అనే ఊళ్ళో ఉండే రోజుల్లో, మా అమ్మ ఒక సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి చాలా రోజులు ఇంటికి రాలేదు. తమ్ముడు పుట్టాడని నాన్న చెప్పాడు. ఆ మాట చెబుతూ నవ్వలేదు. వేసవి సెలవుల్లో పుట్టాల్సినవాడు, చలికాలం చివర్లో పూసే డాఫోడిల్ మొగ్గలు వాకిట్లో ఇంకా విచ్చకముందే వచ్చేశాడు.

అప్పట్లో ఆ వీధిలో తెలుగు వినిపించే ఇల్లు మాదొక్కటే. నాన్న పొద్దున్నే నన్ను బడి దగ్గర దింపి ఆఫీసుకి, అక్కణ్ణుంచి ఆసుపత్రికి పరుగెత్తేవాడు. బడి వదిలాక నన్ను పక్కింటి ఆంటీ చూసుకునేవారు. ఆవిడది జపాన్. మా ఊరున్న కెర్రీ జిల్లా మనిషినే పెళ్ళి చేసుకుని ఆ ఊళ్ళో స్థిరపడ్డారు. వాళ్ళింట్లో అడుగుపెడితే వేయించిన బార్లీతో కాచిన టీ వాసన, వేడివేడి ఇస్త్రీ గుడ్డల వాసన కలిసి వచ్చేవి. ఆ రెండు వాసనలూ ఇప్పటికీ ఎక్కడైనా ఒక్కసారిగా తగిలితే నాకు ఎనిమిదేళ్ళు.

తమ్ముడెలా ఉన్నాడని అడిగితే అందరూ ఒకే మాట చెప్పేవారు. టీచరమ్మ, ఉత్తరాలు తెచ్చే అతను, బడి గేటు దగ్గర నిలబడే తల్లులు, అందరూ "గ్రాండ్, హీ విల్ బీ గ్రాండ్" అనేవారు. ఆ దేశంలో ఆ ఒక్క మాటకి బాగున్నాడనీ, ఫర్వాలేదనీ, ఇంక అడక్కనీ కూడా అర్థమే. నాన్న కూడా "ఏం కాలేదురా బంగారం, తమ్ముడు బానే ఉన్నాడు" అనేవాడు. కానీ ఫోనులో నాయనమ్మతో మాట్లాడేటప్పుడు వంటింటి తలుపు వేసుకునేవాడు. బాగున్న తమ్ముణ్ణి నాకెందుకు చూపించరో నాకు అర్థమయ్యేది కాదు. అడగడం మానేశాను.

నాకొక గుడ్డబొమ్మ ఉండేది. నేను పసిపిల్లని ఎత్తుకోవడం నేర్చుకోవాలని అమ్మ కొన్నది. నిజం పాపాయంత ఉండేది. దాన్ని తువ్వాలులో చుట్టుకుని బడికి తప్ప అన్నిచోట్లకీ తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు ఆంటీ ఆ తువ్వాలు విప్పి చూసి, దీనికి చలేస్తుంది, కిమోనో కుడదాం, ఇంట్లో పాత గుడ్డ ఏదైనా ఉంటే తీసుకురా అన్నారు. నాన్నని అడిగితే ప్రెస్ తెరిచి, కొంగు దగ్గర చిరిగిన అమ్మ వెంకటగిరి చీర ఒకటి తీసిచ్చాడు. బట్టల అలమరని అక్కడ ప్రెస్ అంటారు. అలమర అనే మాట నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ రాలేదు.

బట్టలు కుట్టడం అంటే అమ్మ జాకెట్టు కత్తిరించినట్టు ఉంటుందనుకున్నాను. చంక దగ్గర వంపు, మెడ దగ్గర గుండ్రం. ఆంటీ మాత్రం అన్నీ తిన్నగానే కత్తిరించారు. ఒంటికి పొడుగాటి ముక్కలు, చేతులకి రెండు, మెడ చుట్టూ పట్టీకి ఒకటి. బల్ల మీద పరిచి చూస్తే రిబ్బన్ల దుకాణంలా ఉంది తప్ప బట్టలా లేదు. ఆ మాటే అన్నాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆవిడ కుట్టే తీరు నేనెక్కడా చూడలేదు. సూదిని కదిలించరు. దాన్ని వేళ్ళ మధ్య నిలిపి, గుడ్డనే ముందుకీ వెనక్కీ ఊపుతూ సూది మీదికి ఎక్కించుకుంటారు. నాకొక చెయ్యి కుట్టమని ఇచ్చారు. నా కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆవిడ వేలితో తడుముతూ "ఇక్కడ బాగుంది, ఇక్కడ బాలేదు" అని చెప్పి, బాలేనివాటిని అలాగే ఉండనిచ్చారు. ఆ ఊళ్ళో ప్రతిదానికీ గ్రాండ్ అనని మనిషి నాకు తెలిసి ఆవిడొక్కరే.

అలా కొన్ని సాయంత్రాలు గడిచాక కిమోనో ఒక రూపానికొచ్చింది. బొమ్మకి పట్టి చూస్తే చేతులు వేలాడుతున్నాయి, అంచు పాదాలు దాటి జారుతోంది. ఎక్కువైంది, కత్తిరించేద్దాం అంటూ కత్తెర అందుకున్నాను. ఆంటీ నెమ్మదిగా నా చేతిలోంచి కత్తెర తీసేసుకున్నారు. పసిపిల్లల కిమోనోలో మిగిలిన గుడ్డని కత్తిరించకూడదట. భుజాల దగ్గర, నడుం దగ్గర మడిచి, సులువుగా ఊడొచ్చేలా పెద్ద పెద్ద కుట్లు వేసి ఉంచుతారట. పిల్లలు పెరిగేకొద్దీ ఆ కుట్లు విప్పుతారట.

"బొమ్మ పెరగదుగా ఆంటీ?"

ఆవిడ ఆలోచించారు. "పెరగదు. కానీ నా చేతులకి ఇంకోలా కుట్టడం రాదు."

మడతలు కుట్టాక బొమ్మకి తొడిగే పని నాకిచ్చారు. కుడివైపు అంచు ఎడమవైపు దాని మీదికి తెచ్చి మూశాను. అంతవరకూ ఒక్కసారీ గొంతు పెంచని మనిషి, చటుక్కున నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"అలా కాదు. ఎప్పుడూ ఎడమవైపుదే పైకి రావాలి."

"ఎందుకు?"

ఆవిడ బొమ్మ మెడపట్టీ సర్దారు. చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నారని ఇప్పుడు తెలుస్తోంది. "మా దేశంలో చనిపోయినవాళ్ళకి మాత్రమే కుడివైపుది పైకి వేస్తారు" అన్నారు.

అన్నాళ్ళూ ఎవర్నీ అడగనిది అప్పుడు అడిగేశాను. "మా తమ్ముడు చనిపోతాడా?"

ఆవిడ గ్రాండ్ అంటారనుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"నాకు తెలియదు" అన్నారు ఆంటీ. "చాలా చిన్నగా ఉన్నాడు. ఊపిరి తీసుకోవడానికి మిషన్ సాయం చేస్తోంది. డాక్టర్లు కనిపెట్టుకుని ఉన్నారు. మీ నాన్న నాకు చెప్పింది ఇంతే. ఇంతకంటే నాకు తెలియదు."

నేను ఏడ్చాను. అమ్మ వెళ్ళిన తర్వాత ఏడవడం అదే మొదటిసారి. ఆవిడ ఊరుకోమనలేదు. నా చెయ్యి వదల్లేదు కూడా. చాలాసేపటికి, వెనక కుట్టు ఒకటి మిగిలే ఉంది అన్నారు. పెద్దవాళ్ళ కిమోనోకి వీపు మీద అతుకు ఉంటుందట, అది వాళ్ళని కాస్తుందట. పసివాళ్ళ దానికి అతుకుండదు కాబట్టి, వెనకనుంచి ఏ చెడూ రాకుండా మెడ కింద రంగుదారంతో నాలుగు కుట్లు వేస్తారట. ఏ రంగు కావాలో ఎంచుకోమని దారాల పెట్టె ముందు పెట్టారు. నేను నల్లది తీశాను. ఆవిడ ఆశ్చర్యంగా చూశారు. మా అమ్మ నా చిన్నప్పటి ఫోటోలన్నిట్లో బుగ్గ మీద పెట్టిన దిష్టిచుక్క సంగతి చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే నల్లదే" అంటూ సూదిలోకి ఎక్కించారు.

ఆ సాయంత్రం నాన్న రాగానే ఆవిడ గుమ్మం దగ్గరే జరిగింది చెప్పారు. నాన్న ముఖం మారిపోయింది. "చిన్నపిల్లకి ఎందుకు చెప్పారండీ?" అన్నాడు.

"తనకి ముందే తెలుసు. ఒక్కతే మోస్తోంది" అన్నారు ఆవిడ.

నాన్న ఆ గుమ్మంలోనే మెట్టు మీద కూలబడి, నన్ను దగ్గరికి లాక్కున్నాడు. మర్నాడు బడి మాన్పించి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

నర్సమ్మ నా చేతులు మోచేతుల దాకా కడిగించింది. అద్దాల పెట్టెలో తమ్ముడున్నాడు. నా బొమ్మకంటే చిన్నవాడు. ముక్కులో గొట్టం, తలకి ఊలు టోపీ. అన్ని రోజులూ నేను ఊహించుకున్నదానికంటే వాడే నయంగా ఉన్నాడు. కాలివేళ్ళు విప్పాడు, ముడుచుకున్నాడు. పక్కనే కూర్చున్న అమ్మ, బొమ్మ ఒంటి మీద తన చీరని గుర్తుపట్టి తడిమి చూసింది.

"ఈ భుజం దగ్గర మడతేంటే?"

"పెరిగాక విప్పడానికి."

అమ్మ ఒక్క క్షణం అద్దాల పెట్టె వైపు చూసింది. నవ్వబోయి ఏడ్చేసింది. "అయితే ఇది బొమ్మకెందుకు? వీడికే ఉంచుదాం" అంది.

డాఫోడిల్స్ పూసి, వాడి, నేలలో కలిశాక తమ్ముడు ఇంటికొచ్చాడు. మొదట్లో ఆ కిమోనోలో వాడు ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చేది. తర్వాత ఒకరోజు ఆంటీ మా ఇంటికొచ్చి నాచేతే భుజాల కుట్లు విప్పించారు. వాడికి తొడిగి ఫోటో తీసేలోపు దాని మీద పాలు కక్కాడు. ఇప్పుడు వాడు తల వంచితే గానీ గుమ్మంలో పట్టనంత పొడుగు మనిషి, కెర్రీ యాసలో తప్ప మాట్లాడడు.

మేము డబ్లిన్ వచ్చేశాక కూడా ఆంటీని చూడ్డానికి చాలాసార్లు వెళ్ళాను. ఆ సాయంత్రం మాట ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చిన్నపిల్లకి నిజం చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో నాకు పిల్లలు పుట్టాకే తెలిసింది. అబద్ధం చెప్పి ఓదార్చడం తేలిక. తెలియదని చెప్పి, చెప్పాక కూడా పక్కనే కూర్చోవడం కష్టం. నాకు చేతనైనంతలో ఆ రెండోదే చేయాలని చూస్తుంటాను.

మొన్న చలికాలంలో, డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లో మా పై ఫ్లాట్‌లో అద్దెకుండే కరీంనగర్ అమ్మాయి తలుపు కొట్టింది. ఇక్కడ ఎమ్మెస్ చదువుతోంది. అక్కడ కరీంనగర్‌లో వాళ్ళమ్మని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారట. చేతిలో ఫోను పట్టుకుని, "అమ్మకేం గాదు గదా ఆంటీ?" అంది.

ఏం కాదులే అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు తెలియదమ్మా" అన్నాను. "ఫోను వచ్చేదాకా నా దగ్గరే ఉండు. ఇవాళ నాకు వేరే పనేం లేదు."

ఆ పిల్ల కాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత కుర్చీ నా పక్కకి జరుపుకుని కూర్చుంది.